కావలి నుంచి రాజ్యాంగం దాకా: జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతంలో నేరన్యాయ పరిణామం – రక్షకభటుల శిక్షణ

ఉపోద్ఘాతం

పోలీసు ఉద్యోగంలో కొత్తగా చేరిన యువకుడికి శిక్షణ కళాశాలలో కవాతుతోపాటు బోధించే ముఖ్య విషయాలు రెండు. మొదటిది భారత రాజ్యాంగం, రెండవది నేరన్యాయ చట్టాలు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియమం అమలులోకి రావడంతో ఈ బోధనలో సెక్షన్ల అంకెలు మారాయి. ఒక తరం అధికారులకు కంఠస్థమైన 302 ఇప్పుడు 103 అయింది. 154 కాస్తా 173 అయింది. అంకెలు మారినంత మాత్రాన సూత్రాలు మారవు. ఆ సూత్రాలు ఎందుకు పుట్టాయో తెలియనప్పుడు అంకెలు కేవలం పరీక్షకు పనికివచ్చే సమాచారంగా మిగిలిపోతాయి.

కడప జిల్లాలోని జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతం ఈ సూత్రాల పుట్టుకను పరిశీలించడానికి అనువైన నేల. పాలెగాళ్ల కావలి, కుంపణీ రెగ్యులేషన్లు, గ్రామ మునసబుల అధికారం, ముఠాకక్షల కేసులు అన్నీ ఈ నేల చూసింది. తెలుగు భాషలో తొలి గద్యశాసనాలు, తెలుగు నిఘంటు నిర్మాణానికి పునాదులు కూడా ఈ జిల్లాకే చెందుతాయి. కాబట్టి ఇక్కడి నేరన్యాయ చరిత్రను భాషాచరిత్రతో కలిపి చదవవలసి ఉంటుంది. రాజ్యాంగంలోని మౌలిక రక్షణలు ఈ ప్రాంతపు అనుభవంలో ఏయే అన్యాయాలకు సమాధానాలుగా నిలిచాయో, అవి రక్షకభటుడికి ఏ భాషలో చేరాలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

శాసనధర్మం – వ్యవహారకాండ

ఎర్రగుంట్ల సమీపంలోని కలమళ్ళలో లభించిన రేనాటి చోళుల శాసనం క్రీ.శ. 575 ప్రాంతానిదని చరిత్రకారులు నిర్ణయించారు. తెలుగులో లభించిన తొలి గద్యశాసనంగా దానికి ప్రసిద్ధి. ఈ కాలపు రేనాటి శాసనాలలో ధర్మానికి భంగం కలిగించినవాడు పంచమహాపాతకాలు చేసినవాడవుతాడన్న శాపవచనం కనిపిస్తుంది. ఆజ్ఞ ఉంది, ఉల్లంఘన ఉంది, ఫలితం కూడా ఉంది. కాని ఆ ఫలితాన్ని అమలు చేసేది రాజభటుడు కాడు, పాపభీతి. శిక్షను పరలోకానికి వదిలిన ఈ పద్ధతి దానధర్మాల రక్షణకు సరిపోయింది గాని దొంగతనానికీ హత్యకూ సరిపోదు.

వాటి కోసం ప్రత్యేక వ్యవస్థ ప్రాచీన కాలం నుంచే ఉంది. ఇక్ష్వాకుల నాగార్జునకొండ శాసనాల్లోని మహాతలవర పదవి ఉన్నతాధికారిని సూచిస్తుంది. పల్లెల్లో నేటికీ వినిపించే ‘తలారి’ అనే మాటను పండితులు ఈ ‘తలవర’ శబ్దంతో ముడిపెడతారు. రాజు పక్కన నిలిచిన పదవీనామం కాలక్రమంలో ఊరి కావలిమనిషి పేరుగా మారడం గమనించదగినది.

న్యాయవిచారణ పద్ధతిని తెలుగులో చెప్పిన తొలి గ్రంథం 13వ శతాబ్దిలో కేతన రచించిన ‘విజ్ఞానేశ్వరము’. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యకు అది తెలుగు రూపం. ఆచార, వ్యవహార, ప్రాయశ్చిత్త కాండలుగా విభజితమైన ఆ గ్రంథంలో వ్యవహారకాండ వివాదాల విచారణకు సంబంధించినది. న్యాయం తెలుగులో చెప్పదగిన విషయమేనని 13వ శతాబ్దిలోనే ఒక కవి నిరూపించాడు. అయితే ఆ ధర్మశాస్త్రంలో నేరానికి శిక్ష వర్ణాన్ని బట్టి మారేది. చట్టం ముందు అందరూ సమానులన్న భావన దానికి తెలియదు. ఈ లోపం ఆ గ్రంథంతోనే అంతం కాలేదని తర్వాతి చరిత్ర చెబుతుంది.

కావలి, కట్టుబడి, పాలెగాడు

1800 అక్టోబరులో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ పనిచేశాడు. ఆయన వచ్చేనాటికి ఊళ్ల రక్షణ పాలెగాళ్ల చేతుల్లో ఉంది. జమ్మలమడుగుకు చేరువలోని నొస్సం, పులివెందుల వైపు వేముల వంటి పాలెములు అటువంటివి. పాలెగాడి వద్ద ఆయుధాలు పట్టిన కట్టుబడి బంట్లు ఉండేవారు. వారికి జీతానికి బదులు ఇనాము భూములు ఉండేవి. ఊరిని కాచినందుకు పాలెగాడు రైతుల నుంచి కావలి రుసుము వసూలు చేసేవాడు.

‘కాచు’ ధాతువు నుంచి వచ్చిన ‘కావలి’ అచ్చతెలుగు మాట. రక్షణ అనే అర్థంలో అది శుభప్రదమైనదే. అయితే కావలి రుసుము చెల్లించని ఊరిని కాచేవాడే దోచుకోవడం ఆ వ్యవస్థలో అసాధారణం కాదు. రక్షించేవాడికీ దోచుకునేవాడికీ మధ్య గీతను నిర్ణయించే లిఖిత నియమం ఏదీ లేదు. ఆ గీతను గీసే అధికారం కూడా కావలివాడిదే. మన్రో కాలంలో పాలెగాళ్ల సైనికబలాన్ని అణచివేశారు. పాలెములను స్వాధీనం చేసుకుని కొందరికి భరణాలు ఏర్పరిచారు.

కట్టుబడి ఇనాముల సమస్య మాత్రం తీరలేదు. ఇనాముదారులు మరణించినప్పుడు ఆ భూములను ప్రభుత్వం తిరిగి తీసుకోవడం మొదలుపెట్టాక, జీవనాధారం కోల్పోయిన కట్టుబడి కుటుంబాలలో అసంతృప్తి పెరిగింది. నొస్సం పాలెగాళ్ల దౌహిత్ర వంశీయుడైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో తిరుగుబాటు చేసినప్పుడు వీరిలో చాలామంది ఆయన వెంట నడిచారు. ఆ ఏడాది జూలైలో కోయిలకుంట్ల ఖజానాపై దాడి జరిగింది. అప్పటికి కోయిలకుంట్ల కడప జిల్లాలోని తాలూకా. 1847 ఫిబ్రవరి 22న నరసింహారెడ్డిని అక్కడే ఉరితీశారు. ఆయన శిరస్సును కోటకు ఎన్నో ఏళ్లపాటు వేలాడదీసి ఉంచారు. శిక్ష నేరస్థుడి మరణంతో ముగియకుండా చూసేవాళ్లందరికీ భయపాఠం కావాలన్నది ఆనాటి పాలకుల ఉద్దేశం. మరణానంతరం కూడా మనిషికి గౌరవం ఉంటుందన్న నేటి న్యాయభావనకు ఇది పూర్తిగా విరుద్ధం.

1816 రెగ్యులేషన్: ఒకే చేతిలో రెండు అధికారాలు

బెంగాల్ నమూనాలో ప్రవేశపెట్టిన దరోగాల పోలీసు పద్ధతిని మన్రో వ్యతిరేకించాడు. ఆయన అధ్యక్షతన 1814లో ఏర్పడిన న్యాయ కమిషను సిఫారసుల ఫలితంగా 1816లో మద్రాసు రాజధానిలో పలు రెగ్యులేషన్లు వచ్చాయి. వాటిలో 11వ రెగ్యులేషను పోలీసు అధికారాన్ని జడ్జి నుంచి కలెక్టరుకు, దిగువన తహశీల్దార్లకు, గ్రామాధికారులకు అప్పగించింది. ఊరి పెద్ద, తలారి వంటి స్థానిక వ్యక్తులను వాడుకోవడం వల్ల వ్యవస్థ చవకగా, జనానికి పరిచితంగా ఉంటుందన్నది దీని వెనుక ఉన్న ఆలోచన.

ఈ రెగ్యులేషనులో రెండు దోషాలు ఉన్నాయి. మొదటిది, శిస్తు వసూలు చేసే తహశీల్దారే పోలీసు అధికారి కావడం. బకాయి రాబట్టవలసిన చేతికే నిర్బంధించే అధికారం కూడా దక్కింది. రెండవది, చిన్న నేరాలకు గ్రామాధికారి విధించగల శిక్షలో కులభేదం. చిల్లర తగాదాలకు పాల్పడినవారిని 12 గంటలకు మించకుండా ఊరి చావడిలో ఉంచవచ్చు. నేరం చేసినవారు ‘తక్కువ’ కులాలవారైతే వారిని 6 గంటలకు మించకుండా బొండకొయ్యలో బిగించవచ్చు. అటువంటి అవమానకరమైన శిక్ష వారికి అనుచితం కాదని ఆ రెగ్యులేషను భావించింది. ధర్మశాస్త్రాలలోని వర్ణభేదం ఈ విధంగా ఆధునిక శాసనంలోకి ప్రవేశించింది. రాజ్యాంగం 14, 15 అధికరణలను శిక్షణార్థికి బోధించేటప్పుడు ఈ 1816 నాటి నిబంధనను పక్కన పెట్టి చూపితే ఆ అధికరణల బరువు తేలికగా అర్థమవుతుంది. ‘చట్టం ముందు సమానత్వం’ దేనిని రద్దు చేయడానికి వచ్చిందో ఆ నిబంధనే సాక్ష్యం.

1855 నివేదిక – ఒప్పుకోలుపై నిషేధం

ఒకే చేతిలో రెండు అధికారాలు ఉండటం వల్ల కలిగిన ఫలితం 1855లో వెలుగులోకి వచ్చింది. మద్రాసు రాజధానిలో హింసారోపణల విచారణకు 1854లో నియమితమైన కమిషనులో ఇలియట్, స్టోక్స్, నార్టన్ సభ్యులు. శిస్తు వసూలులోనూ నేరాలు ఒప్పించడంలోనూ హింస వాడుకలో ఉందని వారు నిర్ధారించారు. ఆ నివేదికలో నమోదైన హింసాసాధనాల పేర్లలో ఒకటి ‘కిట్టి’. ఒక కొసన కట్టిన రెండు కర్రల మధ్య వేళ్లను ఇరికించి నొక్కే సాధనమది. దానికి తెలుగులో ‘చీరట’ అని పేరని నివేదిక పేర్కొంది. హింసాసాధనానికి ప్రతి భాషలోనూ ఒక పేరు ఉండటం అది అరుదైన ఘటన కాదనీ, నిత్యకృత్యమనీ చెప్పకనే చెబుతుంది.

ఆ తర్వాత ఏడు సంవత్సరాలలో మూడు ముఖ్యమైన శాసనాలు వచ్చాయి. 1859 నాటి మద్రాసు 24వ చట్టం పోలీసును రెవిన్యూ నుంచి వేరుచేసి ఇన్‌స్పెక్టర్ జనరల్ కింద ప్రత్యేక దళంగా నిలిపింది. ఆంధ్ర ప్రాంత జిల్లాల పోలీసు చట్టంగా అది తర్వాతి కాలంలోనూ కొనసాగింది. 1860లో భారత శిక్షాస్మృతి, 1861లో నేర ప్రక్రియాస్మృతి వెలువడ్డాయి. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదన్న నియమం మొదట ఈ 1861 స్మృతిలో చేరింది. అక్కడి నుంచి 1872 సాక్ష్య చట్టం 25, 26, 27 సెక్షన్లకు చేరింది. నేటి భారతీయ సాక్ష్య అధినియమంలో ఈ మూడూ కలిసి 23వ సెక్షను అయ్యాయి.

శిక్షణలో ఉన్న అభ్యర్థులకు ఈ సెక్షను తరచుగా ఒక చిక్కుముడిలా కనిపిస్తుంది. నిందితుడు నోరు విప్పి చెప్పింది చెల్లదు. అతడు చెప్పిన సమాచారం వల్ల ఒక వస్తువు బయటపడితే ఆ మేరకు మాత్రం చెల్లుతుంది. ఎందుకీ భేదం? కొడితే మాట పుడుతుంది గాని, భూమిలో పాతిపెట్టిన కొడవలి పుట్టదు. దెబ్బకు భయపడి మనిషి చేయని నేరాన్ని కూడా ఒప్పుకోగలడు. తనకు తెలియని చోట నుంచి వస్తువును తీసి ఇవ్వలేడు. ఈ తర్కం గ్రంథాలయంలో పుట్టినది కాదు, చీరటలో నలిగిన వేళ్ల నుంచి పుట్టినది. 1950లో రాజ్యాంగం 20వ అధికరణ మూడవ ఖండంలో, ఏ నిందితుడినీ తనకు వ్యతిరేకంగా తానే సాక్షి కావలసిందిగా నిర్బంధించరాదని ప్రకటించినప్పుడు ఈ సాక్ష్యనియమం వెనుక ఉన్న భావనకు ప్రాథమిక హక్కు స్థాయి లభించింది.

కడప జిల్లాకు తొలి మాన్యువల్‌ను 1875లో రచించిన గ్రిబుల్, తరువాత 1885లో భారతీయ నేరన్యాయస్థానాల ఉపయోగం కోసం వైద్యన్యాయశాస్త్ర గ్రంథాన్ని కూడా వెలువరించాడు. గాయం, విషం, మరణకాలం వంటి భౌతికసాక్ష్యాలపై దృష్టి పెట్టే ఆ శాస్త్రం ఒప్పుకోలుకు ప్రత్యామ్నాయం. ఏడేళ్లు, అంతకు మించిన శిక్షకు అర్హమైన నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలాన్ని సందర్శించాలని చెప్పే నాగరిక సురక్షా సంహిత 176వ సెక్షను మూడవ ఉపసెక్షనును ఆ దారిలో తాజా మెట్టుగా భావించవచ్చు.

ఠాణా తెలుగు

పోలీసు వ్యవస్థ మారిన కొద్దీ దాని భాష కూడా మారింది. 1820లో కడపకు సహాయాధికారిగా వచ్చిన సి.పి. బ్రౌన్ ఇక్కడే తెలుగు అధ్యయనాన్ని విస్తరించుకున్నాడు. కచేరీలలో వాడుకలో ఉన్న అన్యదేశ్యాల ప్రాముఖ్యాన్ని గుర్తించి, తెలుగులో కలిసిన మిశ్రభాషా పదాలకు 1854లో ప్రత్యేక నిఘంటువు వెలువరించాడు. ఠాణా, కచేరి, ఫిర్యాదు, జామీను, ముచ్చలిక, హాజరు, ఖైదు వంటి మాటలు ఆనాటికే ప్రజల నోళ్లలో నలిగినవి. కావ్యనిఘంటువుల్లో చోటులేని ఈ మాటలు రైతు జీవితాన్ని నిర్ణయించేవి. ముచ్చలికపై వేలిముద్ర వేసినవాడికి ఆ మాట అర్థం తెలియకపోతే కలిగే నష్టం పద్యం అర్థంకాకపోవడం వల్ల కలిగే నష్టం వంటిది కాదు.

ఈ పదాలలో ‘ముద్దాయి’ ప్రత్యేకంగా చర్చించదగినది. ఉర్దూలో ‘ముద్దయీ’ అంటే దావా వేసినవాడు. తెలుగులో అదే మాట నేరారోపణకు గురైనవాడికి స్థిరపడింది. పదం ఒక పక్షం నుంచి మరో పక్షానికి మారిపోయింది. ఈ అర్థవిపర్యయం భాషాశాస్త్రానికి ఆసక్తికరమైతే, తెలుగు వాడుకలో జరిగిన మరో మార్పు న్యాయానికి ప్రమాదకరం. ‘ముద్దాయి’ అనగానే వినేవారికి నేరం చేసినవాడు అనే భావమే కలుగుతోంది. అనుమానితుడు, నిందితుడు, దోషి అనే మూడు స్థితులు వేర్వేరు. పోలీసు అనుమానించినవాడు అనుమానితుడు; ఆరోపణ ఎదుర్కొనేవాడు నిందితుడు; న్యాయస్థానం తీర్పు తర్వాతే దోషి. రుజువయ్యే వరకు నిర్దోషి అన్న సూత్రాన్ని శిక్షణార్థి నేర్చుకోవడం ఈ మూడు మాటల తేడాతో మొదలు కావాలి. కేసు డైరీలో ఒక మాటకు బదులు మరొక మాట రాసినప్పుడు రాసినవాడి ఆలోచన కూడా మారిపోతుంది.

‘కక్ష’, ‘కక్షి’ అనే మాటలు కూడా ఇటువంటివే. కక్ష అంటే పగ. కక్షి, కక్షిదారు అంటే న్యాయస్థానంలో వ్యాజ్యం నడిపేవాడు. కక్షదారుడిని కక్షిదారుగా మార్చడమే నేరన్యాయ వ్యవస్థ లక్ష్యమని చెప్పవచ్చు. పగ తీర్చుకునే హక్కును వ్యక్తి వదులుకుంటాడు. దానికి ప్రతిగా నిష్పాక్షికమైన దర్యాప్తును రాజ్యం హామీ ఇస్తుంది. రాజ్యం ఆ హామీని నిలబెట్టుకోనిచోట కక్షి మళ్లీ కక్షలోకి జారుకుంటాడు.

రాజ్యాంగం – కోయిలకుంట్ల సబ్‌జైలు

ఆ హామీ భంగమైన సందర్భం ఈ ప్రాంతపు పొలిమేరలోనే ఉంది. 1977లో ఔకు పోలీసు స్టేషనులో నమోదైన ఒక కేసులో చల్లా చిన్నప్పరెడ్డి, ఆయన కుమారుడు చల్లా రామకృష్ణారెడ్డి కోయిలకుంట్ల సబ్‌జైలులో రిమాండులో ఉన్నారు. ఆ ఏడాది మే 5, 6 తేదీల మధ్యరాత్రి తెల్లవారుజామున మూడున్నర ప్రాంతంలో కొందరు జైలు ఆవరణలోకి ప్రవేశించి వారున్న ఏడవ నంబరు గదిపై బాంబులు విసిరారు. తండ్రి మరణించాడు, కుమారుడు గాయాలతో బయటపడ్డాడు. ప్రాణాపాయం ఉందని ముందే తెలిసినా తగిన కాపలా ఏర్పాటు చేయలేదన్నది ప్రభుత్వంపై వేసిన దావాలోని ఆరోపణ.

కింది న్యాయస్థానం కాలదోషం పట్టిందంటూ దావాను కొట్టివేసింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ తీర్పును మార్చి 1,44,000 రూపాయల నష్టపరిహారాన్ని వడ్డీతో సహా చెల్లించాలని ఆదేశించింది. శాంతిభద్రతలు, జైళ్ల నిర్వహణ సార్వభౌమ విధులనీ, వాటిలో జరిగిన లోపానికి పరిహారం అడగడం కుదరదనీ ప్రభుత్వం సుప్రీంకోర్టులో వాదించింది. 1965 నాటి కస్తూరిలాల్ తీర్పు ఆ వాదానికి ఆధారం. 2000 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు ఆ వాదాన్ని తిరస్కరించింది. ఖైదీ కూడా మనిషేననీ, 21వ అధికరణ ప్రసాదించిన జీవించే హక్కు జైలు గేటు వద్ద ఆగిపోదనీ, ప్రాథమిక హక్కు భంగమైనప్పుడు సార్వభౌమ రక్షణ వర్తించదనీ ఆ తీర్పు సారాంశం.

1846లో ఖజానాపై దాడి జరిగిన కోయిలకుంట్లలోనే 1977లో సబ్‌జైలుపై దాడి జరిగింది. మొదటి సందర్భంలో రాజ్యం తన అధికారాన్ని శిరస్సు వేలాడదీసి ప్రకటించుకుంది. రెండవ సందర్భంలో రాజ్యమే ప్రతివాదిగా నిలబడి, తన అదుపులో ఉన్నవాడి ప్రాణానికి జవాబు చెప్పవలసి వచ్చింది. ఈ రెండింటికీ మధ్య వచ్చిన మార్పుకు కారణం రాజ్యాంగం. సెంట్రీ విధిలో నిలబడే కానిస్టేబులుకు 21వ అధికరణను బోధించడానికి ఢిల్లీ ఉదాహరణలు వెతకనవసరం లేదు. తాళం వేసిన గదిలోని మనిషికి తనను తాను కాపాడుకునే స్వేచ్ఛ ఉండదు; కాబట్టి తాళం వేసినవాడే కాపాడాలి. ‘కావలి’ అనే పాత తెలుగు మాటకు రాజ్యాంగం ఇచ్చిన కొత్త అర్థం ఇదే.

22వ అధికరణ దీనికి అనుబంధం. అరెస్టుకు కారణం తెలపాలి, న్యాయవాదిని సంప్రదించనివ్వాలి, ప్రయాణ సమయం మినహా 24 గంటలలోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు నిర్దేశించిన 11 నియమాలు ఈ అధికరణకు ఆచరణరూపం. అరెస్టు చేసే అధికారి పేరు స్పష్టంగా కనిపించే గుర్తింపు ధరించడం, అరెస్టు పత్రంపై సాక్షి సంతకం, బంధువుకు సమాచారం, వైద్యపరీక్ష వంటివి వాటిలో ముఖ్యమైనవి. ఏడేళ్లలోపు శిక్ష ఉన్న నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయరాదని 2014లో అర్నేష్ కుమార్ తీర్పు హెచ్చరించింది. అరెస్టు అవసరం లేనిచోట ఇచ్చే నోటీసు నేడు నాగరిక సురక్షా సంహిత 35వ సెక్షనులో ఉంది.

ముఠాకక్షలు – సమష్టి బాధ్యత

జమ్మలమడుగు, పులివెందుల ప్రాంత ఠాణాలలో పనిచేసే అధికారికి ఎక్కువగా అక్కరకు వచ్చే సూత్రం చట్టవిరుద్ధ సమావేశానికి సంబంధించినది. అయిదుగురు లేదా అంతకు మించినవారు సమానోద్దేశంతో గుమిగూడి, ఆ ఉద్దేశ సాధనలో ఒకరు నేరం చేసినా అందరూ బాధ్యులేనని పాత 149వ సెక్షను చెప్పింది. కొత్త సంహితలో అది 190. ముఠా హత్యలో కొడవలి పట్టినవాడితోపాటు వెనుక నుంచి ఉసిగొల్పినవాడినీ చట్టం వదలకూడదన్న ఉద్దేశం న్యాయమైనదే.

ఊరు రెండు వర్గాలుగా చీలిన చోట ఈ సెక్షనుకు మరో ప్రయోజనం కూడా ఏర్పడుతుంది. ఎదుటి వర్గంలో చదువుకున్నవాడు, వ్యవహారం నడపగలవాడు, ఖర్చు భరించగలవాడు ఫిర్యాదులోకి ఎక్కుతాడు. ఘటనాస్థలంలో లేనివాడి పేరు కూడా జాబితాలో చేరవచ్చు. ఆ తర్వాత ఏళ్ల తరబడి వాయిదాలకు తిరగడమే అతడికి శిక్ష అవుతుంది. ఆ కక్ష అతడి కొడుకుకు వారసత్వంగా అందుతుంది. ఇటువంటి కేసుల్లో జాగ్రత్త అవసరమని సుప్రీంకోర్టు 1964లోనే మసాల్తీ కేసులో గుర్తించింది. నిందితులు అధికసంఖ్యలో ఉన్నప్పుడు, ఒక వ్యక్తి పాత్రను ఇద్దరు ముగ్గురు లేదా అంతకు మించిన సాక్షులు స్థిరంగా చెప్పినప్పుడే శిక్షించడం వివేకమని అది సూచించింది. సాక్షుల సంఖ్యను చట్టం నిర్దేశించకపోయినా, వర్గకక్షల నేపథ్యంలో ఇది పాటించదగిన కొలబద్ద.

కాబట్టి ప్రథమ సమాచార నివేదిక రాసే కానిస్టేబులు పాత్ర సామాన్యమైనది కాదు. విచారణార్హమైన నేరం గురించిన సమాచారం అందితే నమోదు చేసి తీరాలని 2013లో లలితాకుమారి తీర్పు స్పష్టం చేసింది. ఏ స్టేషను పరిధిలో జరిగినా నమోదు చేయాలని 173వ సెక్షను ఇప్పుడు చెబుతోంది. నమోదు తప్పనిసరి, నమోదైన ప్రతి పేరునూ నమ్మడం మాత్రం తప్పనిసరి కాదు. ఈ భేదాన్ని గ్రహించినవాడే దర్యాప్తు చేయగలడు. బైండోవరు విషయమూ అంతే. శాంతిభంగం జరగకుండా పూచీకత్తు తీసుకునే అధికారం మేజిస్ట్రేటుది. ఎన్నికల ముందు పాత జాబితాలోని పేర్లనే యథాతథంగా పంపడం నివారణ అనిపించుకోదు. ఒకప్పుడు కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్థులుగా పరిగణించిన నేరస్థ జాతుల చట్టాన్ని మద్రాసు రాష్ట్రం 1947లో, దేశం 1952లో రద్దు చేశాయి. మనిషిని అతడు చేసిన పనిని బట్టి గాక జాబితాలోని స్థానాన్ని బట్టి చూడటం ఆ చట్టం స్వభావం. చట్టం రద్దయినా చూపు మారడానికి శిక్షణ కావాలి.

భాష – హక్కు

అరెస్టు కారణాలను ‘తెలపడం’ అంటే ఏమిటి? 1962లో హరికిషన్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ ప్రశ్నకు సమాధానం చెప్పింది. నిర్బంధితుడికి ఇంగ్లీషు రాదు. ఆయన కోరిన అనువాదం ఇవ్వలేదు. అతడికి అర్థమయ్యే భాషలో కారణాలు అందించనప్పుడు నిర్బంధం చెల్లదని ధర్మాసనం తీర్పు ఇచ్చింది. 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ కేసులో కూడా, అరెస్టు కారణాలను నిందితుడికి తెలిసిన భాషలో సార్థకంగా తెలియజేయాలని అదే న్యాయస్థానం నొక్కిచెప్పింది. భాష ఇక్కడ అలంకారం కాదు, వ్యక్తిస్వేచ్ఛకు షరతు.

ఈ దృష్టితో చూస్తే పోలీసు శిక్షణలో తెలుగు స్థానం పరిపాలనా సౌలభ్యానికి సంబంధించిన చిన్న విషయం కాదు. 1966లో అధికారభాషా చట్టం వచ్చింది. రాజ్యాంగం ‘భారత సంవిధానము’ పేరుతో తెలుగులో ఉంది. అయినా న్యాయపరిభాష రెండు అంచుల మధ్య ఊగిసలాడుతోంది. ఒకవైపు సంస్కృతసమాసాలు, మరోవైపు అనువదించని ఇంగ్లీషు. ‘స్మృతి’ పోయి ‘సంహిత’ వచ్చినా ప్రొద్దుటూరు బజారులోని వ్యాపారికి, పులివెందుల చీనీతోట రైతుకు దూరం తగ్గలేదు. ‘కాగ్నిజబుల్’ అన్నా ‘సంజ్ఞేయ’మన్నా అతడికి ఒకటే. ‘వారంటు లేకుండా పోలీసు అరెస్టు చేయదగిన నేరం’ అని చెబితే అర్థమవుతుంది. జామీను, వాయిదా, పంచనామా, రిమాండు వంటి మాటలు ఏ భాషవైనా ప్రజలకు తెలుసు; వాటిని తొలగించి కొత్త సమాసాలు పెట్టనవసరం లేదు. బ్రౌన్ కచేరీ మాటలకు నిఘంటువులో చోటు కల్పించి చేసిన పని కూడా ఇదే.

తెలుగు శాఖలు ఇందులో చేయదగినది ఉంది. అరెస్టు పత్రం, హక్కుల ప్రకటన, 35వ సెక్షను నోటీసు, సాక్షి వాంగ్మూలం వంటి పత్రాలను స్థానిక వాడుకకు దగ్గరగా ఉండే తెలుగులో రూపొందించవచ్చు. రాయలసీమ మాండలికంలో సాక్షి చెప్పిన మాటను ప్రామాణిక భాషలోకి మార్చేటప్పుడు అర్థం జారిపోకుండా రాసే నైపుణ్యాన్ని శిక్షణార్థులకు నేర్పవచ్చు. కడప జిల్లా ఊరిపేర్లపై పరిశోధన చేసిన కేతు విశ్వనాథరెడ్డి వంటి రచయితలు ఈ ప్రాంత నుడికారాన్ని కథలలో నిలిపారు. ఆ నుడికారం తెలియని లేఖకుడు సాక్షి చెప్పని మాటను సాక్షి నోట పెట్టే ప్రమాదం ఉంది. క్రాస్ పరీక్షలో కేసు కూలిపోయేది చాలాసార్లు అటువంటి మాట దగ్గరే.

ముగింపు

రేనాటి శాసనం శిక్షను పాపభీతికి వదిలింది. పాలెగాడి కావలి దానిని వ్యక్తి బలానికి అప్పగించింది. 1816 రెగ్యులేషను శిస్తునూ శిక్షనూ ఒకే చేతిలో పెట్టి, కులాన్ని బట్టి శిక్షను మార్చింది. 1855 నివేదిక ఆ చేయి చేసిన పనిని బయటపెట్టింది. 1859, 1861, 1872 చట్టాలు దానికి కొన్ని కట్టుబాట్లు విధించాయి. 1950 రాజ్యాంగం ఆ కట్టుబాట్లను పౌరుల హక్కులుగా మార్చింది. కోయిలకుంట్ల తీర్పు ఆ హక్కు జైలు గోడల లోపల కూడా బతికే ఉంటుందని నిర్ధారించింది. పోలీసు శిక్షణలో నేర్పే ప్రతి ప్రాథమిక నియమం వెనుక ఇటువంటి ఒక చరిత్ర ఉంది; ఆ చరిత్రలో చాలా భాగం ఈ మూడు పట్టణాల చుట్టుపక్కలే జరిగింది.

సెక్షన్ల అంకెలు మళ్లీ ఎప్పుడైనా మారవచ్చు. పోలీసు ముందు ఒప్పుకోలు ఎందుకు చెల్లదో, 24 గంటల గడువు ఎందుకు వచ్చిందో, అదుపులోని మనిషి ప్రాణానికి ఎవరు జవాబుదారో తెలిసినవాడికి కొత్త అంకెలు నేర్చుకోవడం కష్టం కాదు. ఆ కారణాలు తెలియనివాడికి ఏ సంహిత ఇచ్చినా అది చేతికి అందిన మరో కర్ర మాత్రమే. కావలి అనే మాట దోపిడీకి మారుపేరు కాకుండా రక్షణకు పర్యాయపదంగా నిలవాలంటే, ఈ కారణాలను శిక్షణార్థికి అతడి తల్లిభాషలో, అతడి నేలమీది ఉదాహరణలతో చెప్పడం అవసరం.